ముప్ఫై ఒకటో పేజీ మీద కుంకుమ

డబ్లిన్, కాలిఫోర్నియా
ఏప్రిల్ 1, 2025

అక్కా,

ఫోన్ చేయకుండా ఉత్తరం రాసిందేమిటా అని కంగారు పడకు. కంగారు పడాల్సిన విషయమే, కానీ కాస్త నిదానంగా పడు. ఈ సంగతి ఫోన్‌లో మాట్లాడను, వాట్సాప్‌లో అసలే రాయను. ఎయిర్‌పోర్టుల్లో ఫోన్లు తీసుకుని మెసేజ్‌లు చదువుతున్నారని మా ఆఫీసులో రోజూ ఇదే గోల. కాగితమైతే చదివి చింపేయొచ్చు.

మే పదిహేనున నా సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ. గ్రీన్‌కార్డు క్యూలో పద్నాలుగేళ్ళు నిలబడి, ఆ పైన ఐదేళ్ళు ఆగితే వచ్చిన పిలుపు. ఇప్పుడు చూడు నా తెలివి. మొన్న శనివారం, ఇక్కడి గుడి క్యాలెండర్ ప్రకారం ఉగాది రోజున, నేనొక తప్పు చేశాను. కావాలని చేయలేదు, అంతా ఒక్క క్షణంలో జరిగిపోయింది. ఆ తరవాత దాచిపెట్టి వచ్చేసింది మాత్రం తెలిసే చేశాను. ఎన్నో ఏళ్ళుగా మనసులో ఉన్న ఇల్లు అది. ఒక్కదాన్నే వెళ్ళాను. అవినాష్‌కి ఇంకా చెప్పలేదు.

ఫారంలో ఒక ప్రశ్న ఉంది. అరెస్టు కాకపోయినా సరే, నువ్వెప్పుడైనా నేరం చేశావా అని. చెయ్యి పైకెత్తి ప్రమాణం చేశాక ఆఫీసర్ అదే ప్రశ్న మళ్ళీ అడుగుతాడట. తొమ్మిదేళ్ళ కిందట నువ్వు ఇదంతా దాటావు కదా. నిన్ను అడిగారా? నువ్వేమన్నావు?

బావగారికి ఈ ఉత్తరం చూపించకు.

నీ
త్రివేణి


షామ్‌బర్గ్, ఇల్లినాయ్
ఏప్రిల్ 7

త్రివేణికి అక్క ఆశీస్సులు.

ఇక్కడ క్షేమం అని మొదలుపెట్టడం అలవాటు కాబట్టి రాస్తున్నాను. నీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచి నాకు క్షేమం లేదు, నిద్రా లేదు. ఎవడే వాడు?

నీకు నలభై ఎనిమిదేళ్ళు. కూతురు కాలేజీలో ఉంది. ఎన్నో ఏళ్ళుగా మనసులో ఉన్న ఇల్లట, ఒక్కదానివే వెళ్ళావట, అదీ ఉగాది పూట! అవినాష్‌లో ఏం లోటు కనబడింది నీకు? గిన్నెలు కడుగుతాడు, గట్టిగా మాట్లాడడు. మీ బావగారిలా టీవీ ముందు కూర్చుని ప్రతి వార్తకీ సలహా చెప్పడు. అమ్మ ఉంటే ఈ మాట విని ఏమైపోయేదో.

సరే, తిట్లు తరవాత. ఇంటర్వ్యూ సంగతి చెప్తాను విను. అడుగుతారు. వరసగా చదువుకుంటూ పోతారు. నువ్వు లేదు, లేదు, లేదు అనుకుంటూ పోవాలి. ఆగకూడదు, ఆలోచించకూడదు. ఆగితే తల ఎత్తి చూస్తారు. అదొక్కటే నాకు తెలిసిన కిటుకు.

వాడికి ఇంకెప్పుడూ ఫోన్ చేయకు.

ఛాయక్క


డబ్లిన్
ఏప్రిల్ 11

అక్కా,

నీ ఉత్తరం చదివి రెండు వారాల తరవాత మొదటిసారి నవ్వాను. మగవాడెవడూ లేడు తల్లీ. అవినాష్ గిన్నెలు అవినాష్ కడుగుతూనే ఉన్నాడు. ఆ ఇల్లు మియాసె తొకి ఇల్లు.

గుర్తుందా? భీమవరం లైబ్రరీలో అట్ట చిరిగిన ఆమె పుస్తకం, తెలుగు అనువాదం. వేసవి మధ్యాహ్నాలు నువ్వు బోర్లా పడుకుని పైకి చదివేదానివి, నేను నీ జడ కొస విప్పి మళ్ళీ అల్లుతూ వినేదాన్ని. ఆమె పద్దెనిమిదేళ్ళకి జపాన్ నుంచి కాలిఫోర్నియా పియర్ పళ్ళ తోటలోకి పెళ్ళికూతురిగా వచ్చింది. పదకొండేళ్ళు పెట్టెలకి లేబుళ్ళు అంటించే పని చేసింది. వెనక్కి వెళ్ళిపోయాక అంత పెద్ద రచయిత్రి అయింది. ఆ లేబుళ్ళ వెనకే కథలు రాసుకునేదని నువ్వు చెప్తే, మనం అగ్గిపెట్టె అట్టల వెనక రాశాం. ఆ తోటలో ఇల్లు ఇప్పుడు మ్యూజియం. మా ఇంటికి గంటంపావు దూరం. ఇన్నేళ్ళూ పక్కనే పెట్టుకుని వెళ్ళలేదు. సిటిజన్ అయ్యేలోగా ఒకసారి చూడాలనిపించింది, ఎందుకో అడగకు.

గుమ్మంలోనే చెప్పులు విప్పించారు, మన ఇళ్ళలాగే. వెనక గదిలో చాప మీద మోకాలెత్తు బల్ల, దాని మీద లేబుళ్ళు దొంతరగా పెట్టి దారంతో కుట్టిన నోటుబుక్కు, తెరిచి ఉంది. అద్దాల పెట్టె లేదు. ఆమె ఎలా వదిలి వెళ్ళిందో అలాగే ఉంచాలని వాళ్ళ పట్టుదల. అడ్డంగా ఒక తాడు కట్టారు, అంతే. నీకు పంపుదామని ఫోటో తీయబోయాను. వెనక్కి రెండడుగులు వేసి, పక్కకి తిరిగేసరికి మేజోడు చాప మీద జారి కాలు తాడు కిందనుంచి వెళ్ళి బల్లకి తగిలింది. నోటుబుక్కు నా పాదం మీద పడింది.

పుస్తకానికి కాలు తగిలితే మన చేతులేం చేస్తాయో నీకు చెప్పాలా? ఆలోచన లేదు, ఏమీ లేదు. వంగి తీశాను, కళ్ళకద్దుకున్నాను, నుదుటికి ఆనించుకున్నాను. ఆరోజు పండగ కదా, తలంటి పోసుకుని, నువ్వు పంపిన కుంకుమే నీళ్ళతో తడిపి బొట్టు పెట్టుకున్నాను. దించి చూస్తే ముప్ఫై ఒకటో పేజీ మీద కందిగింజంత ఎర్రటి మరక. చీర కొంగుతో అద్దబోతే ఇంకాస్త పాకింది.

బల్ల మీద పెట్టేసి వచ్చేశాను అక్కా. ఎవరూ చూడలేదు. ముందు గదిలో క్యూరేటర్ మిసెస్ నాకాయమా టీ పోస్తోంది. డెబ్బై దాటిన మనిషి. "ఎలా ఉంది?" అని అడిగితే "చాలా బావుంది" అన్నాను. టీ కూడా తాగాను.

ఇంకో విషయం విను. లోపలికి వెళ్ళేముందు విజిటర్స్ బుక్కులో పేరు, ఇంటి అడ్రస్, జిప్ కోడ్‌తో సహా, ఈమెయిల్, అన్నీ గుండ్రంగా రాసి మరీ వెళ్ళాను. ఖాళీ గడి కనిపిస్తే నింపకుండా ఉండలేని జాతి మనది. ఇప్పుడు ఇంటిముందు ఏ కారు ఆగినా బ్లైండ్స్ సందులోంచి చూస్తున్నాను.

త్రివేణి


షామ్‌బర్గ్
ఏప్రిల్ 16

త్రివేణీ,

మగవాడు కాదన్నందుకు వెంకన్నకి దణ్ణం పెట్టుకున్నాను. తరవాత రెండోసారి చదివి, మగవాడైనా బావుండేది అనుకున్నాను.

నువ్వు చేసింది నేరం కాదు. చెయ్యి జారింది, కాలు జారింది, అంతే. ఇంటర్వ్యూలో ఆ ఊసే ఎత్తకు. లాయర్‌ని అడుగుతానంటావేమో, వద్దు. లాయర్‌కి చెప్తే అదొక రికార్డు. మ్యూజియం ఛాయలకి పోకు. ఎవరైనా ఫోన్ చేస్తే ఆ రోజు ఇంట్లో పులిహోర కలుపుతున్నానని చెప్పు. ఆ కుంకుమ అక్క పంపింది అనే మాట నీ నోట రాకూడదు. నా పేరు ఏ కాగితం మీదా ఉండకూడదు. అర్థమైందా?

ఆ అనువాదం పుస్తకం గుర్తుందా అని అడిగావు. గుర్తుంది. పెళ్ళికూతురు పెదవులకి రాసుకునే రంగు చిన్న గవ్వలో తెచ్చుకుంటుంది. తోట చూసి, ఇక్కడ నన్ను చూసేదెవరని మూత పెట్టేస్తుంది, మళ్ళీ తెరవదు. ఆ చోటికి వచ్చేసరికి నీళ్ళు తాగొస్తానని లేచేదాన్ని. ఇప్పుడు పుస్తకాలు చదవడం లేదు. కళ్ళు లాగుతాయి.

ఇక్కడ వచ్చే నెల ఈషాన్ గ్రాడ్యుయేషన్ పార్టీ. వాళ్ళమ్మ రాధారాణి మూడుసార్లు ఫోన్ చేసింది. నేను వెళ్ళను. మోకాళ్ళు బాగాలేవు.

ఛాయక్క


డబ్లిన్
ఏప్రిల్ 21

అక్కా,

ఈషాన్ పార్టీకి వెళ్ళకపోవడమేమిటి? నేను మొదటిసారి మీ ఇంటికి వచ్చినప్పుడు వాడు ఎప్పుడూ నీ చంకలోనే ఉండేవాడు. మోకాళ్ళ నొప్పి అంటే వాడు నమ్ముతాడా?

సరే, ఇది చదువు. నిన్న మ్యూజియం నుంచి ఈమెయిల్ వచ్చింది. సబ్జెక్ట్ చూసి ఫోన్ సింక్‌లో పడేశాను. బియ్యంలో పెట్టి ఆరబెట్టి, పొద్దున్నే తెరిచాను. నన్ను పట్టుకోవడానికి కాదు. వాళ్ళ న్యూస్‌లెటర్. తొకి నోటుబుక్కు ముప్ఫై ఒకటో పేజీలో ఇంతవరకూ ఎవరూ గమనించని ఎర్రటి గుర్తు బయటపడిందట! బహుశా రచయిత్రి పెదవుల రంగు కావచ్చట. అంటే ఆ గవ్వ మూత ఆమె మళ్ళీ తెరిచిందన్నమాట, పదకొండేళ్ళలో ఎప్పుడో ఒకసారి ఆ రంగు పూసుకుని కాగితాన్ని ముద్దు పెట్టుకుందన్నమాట అని రాశారు. మే పదో తారీఖున యూనివర్సిటీ నుంచి నిపుణుడు వచ్చి శాంపిల్ తీసుకుంటాడు.

కుంకుమ దేనితో చేస్తారక్కా? పసుపుతో. పరీక్షలో పసుపు అని తేలుతుంది. మార్చిలో పసుపు వాడే మనుషులెవరొచ్చారని విజిటర్స్ బుక్కు తిరగేస్తారు. ఆ నెల మొత్తం మీద తెలుగు పేరు నాదొక్కటే.

తేలకపోతే మరీ ఘోరం. నా నుదుటి మరకని ఆమె ముద్దు అని పుస్తకాల్లో రాస్తారు. నిజంగా ఆమె ఆ గవ్వ మళ్ళీ తెరవలేదు కదా. ఆమె కథంతా అదే కదా. నాకు భయంతో పాటు సిగ్గుగా ఉంది. ఏం చేయను?

త్రివేణి


షామ్‌బర్గ్
ఏప్రిల్ 26

త్రివేణీ,

ఏం చేయనని అడిగావు. ఏమీ చేయకు. వాళ్ళు సంతోషంగా ఉన్నారు, నువ్వు క్షేమంగా ఉన్నావు. దేవుడే ఇలా సర్దాడు, మధ్యలో నువ్వు వేలు పెట్టకు. ఎప్పుడో పోయిన మనిషి ముద్దు పెట్టుకుందో లేదో అన్నదానికి నువ్వు పందొమ్మిదేళ్ళ నీ నిరీక్షణ ధారపోస్తావా? అవినాష్ ఏమవుతాడు? మీ పిల్ల ఏమనుకుంటుంది?

నువ్వు చిన్నప్పటినుంచీ అంతే. పలక పగలగొట్టి, ఎవరూ అడక్కుండానే నాన్న దగ్గరికి వెళ్ళి చేతులు చాపేదానివి. అక్కడ నాన్న కాబట్టి నవ్వేవాడు. ఇక్కడ నవ్వరు. ఇక్కడ ఒక్కసారి కాగితం మీద పడిందంటే నువ్వు చచ్చేవరకూ నీ వెంట వస్తుంది. నాకు తెలుసు.

చెప్పి తీరతానంటే నాకిక ఉత్తరాలు రాయకు. కోపంతో అనడం లేదు. నాకు భయంగా ఉంది.

ఛాయ


డబ్లిన్
మే 5

అక్కా,

రాయకు అన్నావు, అయినా రాస్తున్నాను. శనివారం మ్యూజియంకి వెళ్ళి చెప్పేశాను.

ముందు అవినాష్‌కి చెప్పాను. "నెల్రోజుల్నించి బ్లైండ్స్ లోంచి చూస్తుంటే ఏ క్యాన్సరో అనుకున్నానే" అని సోఫాలో కూలబడ్డాడు. కార్ తనే డ్రైవ్ చేశాడు. నేను గుమ్మంలో చెప్పులు విప్పి అక్కడే నిలబడ్డాను.

మిసెస్ నాకాయమా నవ్వలేదక్కా. నువ్వన్నది నిజమే, ఇక్కడ నాన్న లేడు. అంతా విని, "ఆ న్యూస్‌లెటర్ నాలుగు వందల మందికి పంపాను. జపాన్ నుంచి ఫోన్లు వస్తున్నాయి" అంది. తరవాత, "కాలు తగిలితే కళ్ళకి ఎందుకు?" అని అడిగింది. చదువుకి కాలు తగలడం మాకు తప్పు, అలా అద్దుకుంటే క్షమించమని అడిగినట్టు అని చెప్పాను. "ఎవర్ని అడిగినట్టు?" అంది. పుస్తకాన్నే అన్నాను.

ఒక కాగితం ఇచ్చి జరిగిందంతా రాయమంది. తారీఖు, ఏ వేళప్పుడు, ఏ కాలు, ఏ రంగు, ఆ రంగు ఎక్కణ్ణుంచి వచ్చింది, అన్నీ. రంగు దేనితో చేశారో, ఎవరు పంపారో కచ్చితంగా ఉండాలంది, పేజీ శుభ్రం చేసేవాళ్ళకి కావాలట. ఛాయాదేవి, షామ్‌బర్గ్ అని రాశాను. నీకు ఇష్టం లేదని తెలుసు. సగం నిజం రాయడానికి అంత దూరం వెళ్ళలేదు కదా.

నామీద ఫిర్యాదు చేస్తారా అని అడిగితే, అది బోర్డు నిర్ణయిస్తుందంది. మే పదిహేను లోపు బోర్డు కూర్చోదట. కాబట్టి ఏదీ తేలకుండానే ఇంటర్వ్యూకి వెళ్తున్నాను. ఒక్క మాట రాయి అక్కా, తిట్టినా సరే.

త్రివేణి


డబ్లిన్
మే 16

అక్కా,

నీ దగ్గర్నుంచి ఏమీ రాలేదు. ఫోన్ చేస్తే బావగారు ఎత్తి "మీ అక్క పడుకుంది" అంటున్నారు, మధ్యాహ్నం రెండింటికి కూడా. అంత కోపమా?

నిన్న ఇంటర్వ్యూ అయింది. వరసగా అడుగుతూ వచ్చాడు. లేదు, లేదు, లేదు. నువ్వు చెప్పినట్టే. ఆ ప్రశ్న దగ్గర ఆగాను. తల ఎత్తి చూశాడు. "ఇది నేరమో కాదో నాకు తెలియదు, జరిగింది చెప్తాను, మీరే చెప్పండి" అన్నాను. కీబోర్డు మీద నుంచి చేతులు తీశాడు. అంతా చెప్పాను. కుంకుమకి స్పెల్లింగ్ అడిగి టైప్ చేసుకున్నాడు. పైవాళ్ళతో మాట్లాడాలి, నిర్ణయం పోస్టులో వస్తుంది అన్నాడు. నాతోపాటు వచ్చినవాళ్ళంతా అక్కడికక్కడే నవ్వుతూ బయటికొచ్చారు. నేను పార్కింగ్‌లో ఏ కారు మాదో తెలియక రెండు వరసలు తిరిగాను.

ఇంటికొచ్చి పడుకున్నాను. నిద్ర పట్టింది, చెప్తే నమ్మవు.

త్రివేణి


షామ్‌బర్గ్
మే 22

వేణీ,

కోపం కాదు. నీ మీద నాకెప్పుడు కోపం వచ్చింది గనక.

నా పేరు ఆ కాగితం మీద రాశానన్నావు చూడు, అది చదివి మూడు రోజులు మంచం దిగలేదు. కుంకుమ గురించి కాదే. నా పేరు ఎక్కడైనా రాశారంటే, ఎవరో దాన్ని చూస్తారు, చూసి నా పాత ఫైలు తీస్తారు. తొమ్మిదేళ్ళుగా నాకిదే భయం. మెయిల్‌బాక్సులో తెల్ల కవరు ఉంటే కారులోనే కూర్చుని తెరుస్తాను. అమ్మ పోయినప్పుడు కూడా ఇండియా వెళ్ళలేదు, గుర్తుందా? టికెట్ దొరకలేదన్నాను. దొరికింది. తిరిగొచ్చేటప్పుడు ఎయిర్‌పోర్టులో ఆపుతారని వెళ్ళలేదు.

నేను మీ బావగారి భార్యగా హెచ్‌ఫోర్ వీసా మీద వచ్చాను కదా, దాని మీద పని చేయకూడదు. మొదటి మూడేళ్ళూ ఈషాన్‌నీ ఇంకో ఇద్దరు పిల్లల్నీ ఇంట్లో చూసుకున్నాను, జీతం తీసుకుని. గ్రీన్‌కార్డు కాగితాల్లో, పర్మిట్ లేకుండా పని చేశావా అంటే లేదని టిక్ పెట్టాను. సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూలో, ప్రభుత్వానికి ఎప్పుడైనా అబద్ధం చెప్పావా అని అడిగాడు. చెయ్యెత్తి ప్రమాణం చేసి, లేదన్నాను. మీ బావగారికి కూడా ఆ ప్రశ్న సంగతి తెలియదు.

మొన్న పార్టీకి వెళ్ళలేదు. మర్నాడు ఈషాన్ వాడే ఇంటికి వచ్చాడు, ఆ నల్ల గౌను వేసుకుని. ఎంత పొడుగయ్యాడో. "ఆంటీ, నువ్వు నన్ను పెంచింది. నేను స్పీచ్‌లో అందరికీ చెప్పాను. ఫోటో కావాలి మనది" అన్నాడు, వాడి తెలుగులో. అందరికీ చెప్పాడు అనగానే లేచి వీధి తలుపు మూసొచ్చాను. ఏమన్నానో తెలుసా? "నేనెక్కడ పెంచాను బాబూ, అప్పుడప్పుడూ వచ్చి ఆడుకునేవాడివంతే" అన్నాను. వాడు నా మొహంలోకి చూశాడు. "ఓకే ఆంటీ" అని వెళ్ళిపోయాడు. ఫోటో అడగలేదు మళ్ళీ.

వాడు నడిచిన మొదటి అడుగు నా వంటింట్లో వేశాడే. జ్వరం వస్తే నా భుజం మీదే పడుకునేవాడు. ఆ బిడ్డని పెంచలేదని నా నోటితో నేనే చెప్పాను. నీకు భయపడమని నేర్పాను. నువ్వు నేర్చుకోలేదు, అదే నయం.

ఇది చదివి వెంటనే చింపేయి.

అక్క


డబ్లిన్
మే 30

అక్కా,

నిన్న తెల్ల కవరు వచ్చింది. నేను కూడా కారులోనే కూర్చుని తెరిచాను. జూన్ పద్దెనిమిదిన ప్రమాణానికి రమ్మన్నారు.

మ్యూజియం నుంచి కూడా రెండు ముక్కలొచ్చాయి. బోర్డు ఫిర్యాదు చేయడం లేదు. ఇంకెప్పుడూ ఆ గదిలోకి ఒంటరిగా రానివ్వరట, న్యాయమే. మరకని తుడిస్తే కాగితం పోతుందని అలాగే వదిలేశారు. పక్కన చీటీ పెట్టారు: రచయిత్రిది కాదు, ఒక పాఠకురాలిది అని. మన ఇద్దరి పేర్లూ, డబ్లిన్, షామ్‌బర్గ్ అని కూడా ఉన్నాయట. నువ్వు వద్దంటే నీ పేరు తీయించేస్తాను. అది నువ్వు చెప్పాలి.

ఇంతకీ నీ సంగతి. నాది చిన్నది, నీది పెద్దది. బయటపడింది నేను కాబట్టి నువ్వూ బయటపడతావని అబద్ధం చెప్పను. నాకు తెలియదు. ఇక్కడ ఒక లాయర్ ఉంది, మనవాళ్ళు కాదు, ఎవరికీ చెప్పదు. ప్రమాణం రోజుకి నువ్వు వస్తావు, మర్నాడు ఆవిడ దగ్గరికి వెళ్తాం. పక్క కుర్చీలో నేను కూర్చుంటాను. చెప్పాలో వద్దో అక్కడ ఆలోచిద్దాం. టికెట్ బుక్ చేశాను, ఇండియా కాదు కదా, ఎయిర్‌పోర్టులో ఎవరూ ఆపరు.

దానికంటే ముందు ఈషాన్‌కి ఫోన్ చేయి. ఈ ఒక్కదానికి ఏ లాయరూ అక్కర్లేదు. నేనే నిన్ను పెంచాను అని చెప్పు. అంతకుమించి ఒక్క ముక్క చెప్పక్కర్లేదు.

ఇకపోతే, చదివి చింపేయమన్నావు. చింపలేకపోయాను. చదువుతుంటే కాగితం జారి కాళ్ళ దగ్గర పడింది. నా కాలు తగిలింది. తీసి కళ్ళకద్దుకున్నాను. ఆ ముసలావిడ ఎవర్ని అడిగినట్టు అని అడిగింది చూడు, ఈసారి నిన్నే అక్కా. అమ్మ పోయిన రోజు టికెట్ దొరకలేదని నువ్వంటే, వెళ్ళాలని లేక అంటున్నావనుకుని, ఆరు నెలలు నీతో సరిగ్గా మాట్లాడలేదు నేను.

నీ ఉత్తరం నీకే పంపుతున్నాను, ఇందులోనే ఉంది. చింపడమో దాచడమో నువ్వే చేసుకో. రెండో పేజీలో, ఈషాన్ మొదటి అడుగు దగ్గర, ఎర్రగా కనబడేది నా నుదురే.

నీ
వేణి